ఏకపక్ష డిక్రీ: రద్దు కోరు మార్గము

ప్రామిసరీ నోటు వ్రాసి అప్పు తెచ్చిన రైతు ఒకడు కూలిపనికై పరవూరు పోయినాడనుకొందము. ఋణదాత దావా వేసెను. సమను రైతు చేతికి అందలేదు. వాయిదానాడు అతడు హాజరు కాకపోగా, కోర్టు వాది సాక్ష్యమును మాత్రమే విని తీర్పు చెప్పెను. ఇదియే ఏకపక్ష డిక్రీ. రైతు తిరిగి వచ్చునప్పటికి పొలము జప్తయి, వేలమునకు సిద్ధముగా నుండెను. ఇక దారి లేదని అతడు నిరాశ చెందనక్కరలేదు.

1908 నాటి సివిల్ ప్రొసీజర్ కోడ్, 9వ ఆర్డరు, 13వ నియమము ప్రకారము, డిక్రీ ఇచ్చిన కోర్టులోనే దాని రద్దుకు అర్జీ పెట్టుకొనవచ్చును. ఇందుకు రెండు కారణములలో ఒకటి రుజువు కావలెను: సమను సక్రమముగా అందలేదనుట, లేదా తగిన కారణముచే హాజరు కాలేకపోతిననుట. తీవ్రమైన జబ్బు, దారిలో ప్రమాదము వంటివి తగిన కారణములు కావచ్చును. వైద్యుని పత్రము మొదలగు ఆధారములను అర్జీకి జతపరచవలెను. అయితే వాయిదా తేదీ ముందే తెలిసి, హాజరగుటకు వ్యవధి ఉన్నవాడు సమను అందజేతలోని చిన్న లోపమును సాకుగా చూపిన చెల్లదు.

గడువు ముఖ్యము. 1963 నాటి లిమిటేషన్ చట్టము ప్రకారము డిక్రీ తేదీనుండి 30 రోజులలో అర్జీ దాఖలు కావలెను. సమను సక్రమముగా అందనిచో, డిక్రీ సంగతి తెలిసిన దినమునుండి 30 రోజులు లెక్కింపబడును. కోర్టు ఉత్తర్వుపై ప్రత్యామ్నాయముగా తలుపునకు అంటించిన లేక పత్రికలో ప్రకటించిన సమను ఈ లెక్కకు సక్రమమైన అందజేత కాదు. గడువు దాటినచో ఆలస్యమునకు తగిన కారణము చూపి మన్నింపు కోరవచ్చును.

అర్జీ పెట్టినంత మాత్రమున వేలము ఆగదు. అమలు నిలుపుదలకు వేరుగా ప్రార్థింపవలెను. అవతలి పక్షమునకు నోటీసు ఇచ్చిన పిమ్మటనే డిక్రీ రద్దగును. ఖర్చులు చెల్లింపుమనియో, కొంత సొమ్ము కోర్టులో కట్టుమనియో షరతు విధింపవచ్చును. రద్దయినంతనే దావా గెలిచినట్లు కాదు. విచారణ మరల సాగును. అర్జీ కొట్టివేయబడినచో ఆ ఉత్తర్వుపై అప్పీలు కలదు.

1987 నాటి న్యాయ సేవాధికార సంస్థల చట్టము క్రింద స్త్రీలకు, షెడ్యూల్డు కులముల, తెగల వారికి, నిర్ణీత ఆదాయ పరిమితికి లోబడినవారికి ఉచిత న్యాయ సహాయము లభించును. ఇందుకై మండల న్యాయ సేవా కమిటీని గాని, జిల్లా న్యాయ సేవాధికార సంస్థను గాని ఆశ్రయింపవచ్చును.

సమను తీసుకొననని నిరాకరించుట తప్పించుకొను ఉపాయము కాదు; నిరాకరించినను అందినట్లే కోర్టు ప్రకటింపగలదు. కాగితము వచ్చిన దినముననే చదివించుకొని, వాయిదా తేదీ గుర్తుంచుకొని హాజరగుటయే పొలమునకు రక్ష.