మాత్రకూ ఒక గడువు

శ్రీకాకుళం జిల్లా సంతబొమ్మాళి మండలంలోని నౌపడ ఉప్పుమడులకు ప్రసిద్ధి. మండుటెండలో ఉప్పు పోగుచేసే శ్రామికులకు తలనొప్పి, నడుమునొప్పి కొత్త కావు. వైద్యుని చీటీ లేకుండానే కొన్న నొప్పి మాత్రలు నాలుగైదు ఇంట్లో ఉండడం సహజం. వాటి గడువు తేదీ చూడాలనే తలంపు మాత్రం అందరికీ కలగదు.

1940 నాటి ఔషధ, సౌందర్య సాధనాల చట్టం, దాని ననుసరించిన 1945 నాటి నిబంధనలు ఈ తేదీ ముద్రణను తప్పనిసరి చేశాయి. నెల, సంవత్సరం మాత్రమే ఉంటే ఆ నెల చివరి దినం వరకు అని అర్థం. అంతవరకు మందు బలం నిర్ణీత ప్రమాణానికి తగ్గదని తయారీదారు ఇచ్చే హామీయే గడువు. మరునాడే అది విషమవుతుందని కాదు. అయితే పొడిగా, చల్లగా ఉన్నచోట, పొర విప్పకుండా భద్రపరచినప్పుడే ఆ హామీ చెల్లుతుంది.

ఉప్పు పండే ఊరివారికి తేమ సంగతి వేరుగా చెప్పనక్కరలేదు. వానకాలంలో జాడీలోని ఉప్పును చెమర్చే గాలియే మాత్రనూ తాకుతుంది. 1897లో జర్మనీలో ఫెలిక్స్ హాఫ్‌మన్ తయారుచేసిన ఆస్పిరిన్ ఇందుకు మంచి నిదర్శనం. తేమ సోకితే అది సాలిసిలిక్ ఆమ్లంగా, ఎసిటిక్ ఆమ్లంగా విడిపోతుంది. రెండవది వినిగర్‌లో ఉండే ఆమ్లమే. కనుక పుల్లని ఘాటు వాసన వేసే ఆస్పిరిన్‌ను గడువు మిగిలి ఉన్నా పారవేయవలసిందే. పారాసెటమాల్ అంత సులభంగా చెడదు. చెడినా కంటికి తెలియకపోవచ్చు. దానికి తేదీయే ఆధారం.

బలం తగ్గిన మాత్ర నొప్పిని తగ్గించదు. అప్పుడు మనిషి రెండవది, మూడవది మింగుతాడు. అసలు ప్రమాదం ఇక్కడ ఉంది. ఇబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ వంటివి మోతాదు మించితే మూత్రపిండాలకు రక్తప్రసారం తగ్గుతుంది. సమీపంలోని ఉద్దానం ప్రాంతంలో మూత్రపిండాల వ్యాధి ఎన్ని కుటుంబాలను కుంగదీసిందో జిల్లావాసులకు తెలుసు. ఆ వ్యాధికి మూలకారణం ఇదమిత్థమని తేలకపోయినా, నొప్పి మాత్రలను విచ్చలవిడిగా వాడరాదని వైద్యులు హెచ్చరిస్తూనే ఉన్నారు.

మరొక చిక్కు కత్తెరది. నాలుగు మాత్రలడిగితే దుకాణదారు షీటును కత్తిరించి ఇస్తాడు. తేదీ ఉన్న కొస దుకాణంలోనే మిగిలిపోతుంది. ఇంటికి చేరిన ముక్క మీద మందు పేరు సగం, తేదీ శూన్యం. కత్తిరించకముందే షీటు చూపమని అడిగి, గడువు నెలను పొట్లంమీద రాయించుకోవడానికి అరనిమిషం చాలు.