పాల కేంద్రానికి రెండో ఇంటర్నెట్ దారి: రౌటరు కొనేముందు సంఘాలు గమనించవలసినవి

పాలు పోసిన సభ్యునికి పోసిన వెంటనే చీటీ చేతికి రావాలి. ఎన్ని లీటర్లు, వెన్న ఎంత, ఎస్.ఎన్.ఎఫ్. ఎంత, రూపాయలెన్ని అన్నది ఆ చీటీలోనే వుంటుంది. ఈ లెక్క ఇప్పుడు చాలా కేంద్రాలలో యంత్రమే వేస్తున్నది. వేసిన లెక్క ఇంటర్నెట్ ద్వారా పైకి పోతున్నది. లైను తెగిన పూట ఏమవుతుంది? క్యాను పట్టుకొని సభ్యులు నిలబడతారు. పితికిన పాలు మూడు నాలుగు గంటలలోగా 4 డిగ్రీలకు చల్లబడకపోతే పులుపు తిరుగుతాయి. పోనీ కాగితం మీద వ్రాసుకొని తరువాత ఎక్కిద్దామంటే, అంకెలు తారుమారైనాయనే మాట తప్పదు. సంఘంలో వచ్చే తగాదాలలో సగం ఇక్కడే పుడతాయి.

అందువల్ల సిమ్ కార్డుతో పనిచేసే రౌటరు ఒకటి పెట్టుకొని, అసలు లైను పోయినప్పుడు దానిమీద పని జరుపుకోవడం మంచిదే. అయితే డబ్బు పెట్టేముందు ఒక ప్రశ్న అడగండి. మీ యంత్రం, దాని సాఫ్ట్‌వేరు ఇంటర్నెట్ లేకున్నా ధర కట్టి చీటీ ఇచ్చి, లెక్కను తనలో దాచుకొని, లైను వచ్చాక పంపగలదా? అలా చేయగలిగితే మీకు రెండో దారి అంత తొందరగా అక్కరలేదు. కేంద్రంలో ఒక పూట కేబుల్ తీసివేసి చూస్తే ఈ సంగతి తేలిపోతుంది. అమ్మేవాని మాట కంటె ఈ పరీక్ష నమ్మదగినది.

బంగారుపాళ్యం ప్రాంతాన్నే తీసుకుందాం. చిత్తూరు–పలమనేరు రహదారి మీద వున్న మండలం. మొగిలి వైపు కొండలు, ఘాటు రోడ్డు. ఇంకొక దిక్కున బెంగళూరు–చెన్నై ఎక్స్‌ప్రెస్ రహదారి కోసం నేల తవ్విన చోట్లు. మన రాష్ట్రంలో 2015లో ఏర్పడిన ఫైబర్‌నెట్ సంస్థ తీగలను ఎక్కువగా కరెంటు స్తంభాల మీదుగానే లాగింది. ఖర్చు తగ్గింది, ఊరూరికీ త్వరగా చేరింది. కాని గాలివానకు స్తంభం పడితే కరెంటూ ఇంటర్నెట్టూ ఒకేసారి పోతాయి. భూమిలో వేసిన కేబులైతే జె.సి.బి. పంటికి తెగుతుంది. కొండ అడ్డుపడిన పల్లెలో ఒక కంపెనీ సిగ్నలు బాగుంటుంది, ఫర్లాంగు దూరంలో అదే కంపెనీ మూగబోతుంది.

కనుక ఏ కంపెనీ సిమ్ వేయాలో కేంద్రం గదిలోనే తేల్చుకోవాలి. కార్యదర్శి ఒక నెలరోజులు నోటుపుస్తకం పెట్టాలి. లైను పోయిన ప్రతిసారీ తేదీ, వేళ, ఎంతసేపు అన్నది వ్రాసి, ఆ సమయంలోనే సభ్యుల సెల్‌ఫోన్లలో ఏ కంపెనీది పనిచేస్తున్నదో కూడా వ్రాయాలి. ఇది ఎందుకంటే, కొన్నిచోట్ల సెల్ టవరుకు పోయే కేబుల్, మన కేంద్రానికి వచ్చే కేబుల్ ఒకే దారిన వస్తాయి. అది తెగితే రెండూ చస్తాయి. పేరుకు రెండు దారులు, నిజానికి ఒకటే.

వేగం గురించి కంగారు పడనక్కరలేదు. 150 మంది సభ్యులు రెండు పూటలా పాలు పోస్తే నెలకు 9,000 పద్దులు. ఒక్కొక్క పద్దు 500 బైట్లనుకున్నా అంతా కలిపి 4.5 ఎం.బి. దానికి పదింతలు వేసుకున్నా ఒక సినిమా పాట వీడియో పాటి. డేటా తినేవి వేరే వున్నాయి. సి.సి. కెమెరాలు, కంప్యూటరు తనంతట తాను దించుకునే అప్‌డేట్లు, కేంద్రం ముందు కూర్చున్న కుర్రవాళ్ళ ఫోన్లు. రెండో దారి మీదికి మారినప్పుడు పాల యంత్రానికి తప్ప వేరొకదానికి ఇంటర్నెట్ పోకుండా రౌటరులో కట్టడి చేయించండి. వైఫై పాస్‌వర్డు గోడమీద వ్రాయవద్దు. కంపెనీ వేసి పంపిన పాస్‌వర్డును మొదటిరోజే మార్చాలి.

రౌటరులో అన్నిటికంటె ముఖ్యంగా చూడవలసింది, అసలు లైను పోయిందని అది ఎలా కనిపెడుతుందన్నది. చవకరకాలు కేబుల్ ఊడితేనే గ్రహిస్తాయి. కాని మన దగ్గర జరిగేది వేరు. గదిలోని ఫైబర్ పెట్టె దీపం పచ్చగా వెలుగుతూనే వుంటుంది, అవతల ఎక్కడో దారి తెగి వుంటుంది. బయటి చిరునామా ఒకదానిని కొద్ది సెకండ్లకొకసారి పలుకరించి, జవాబు రాకుంటే సిమ్ వైపు మారే రకం కావాలి. అసలు లైను తిరిగి వచ్చినప్పుడు తనంతట తానే వెనుకకు మారాలి కూడా. ‘రెండు సిమ్‌లు’ అని పెట్టె మీద వుంటే మురిసిపోవద్దు. చాలావాటిలో మోడెమ్ ఒక్కటే, ఒకసారికి ఒక సిమ్ మీదనే నడుస్తుంది. ఒకదాని నుంచి ఇంకొకదానికి మారడానికి అర నిమిషం, నిమిషం పట్టవచ్చు. మన పనికి అది చాలు, కాని తెలిసి కొనాలి.

తరంగాల సంగతి కూడా వున్నది. మన దగ్గర 4జి ముఖ్యంగా 850, 900, 1800, 2100, 2300 మెగాహెర్ట్జ్‌లలో నడుస్తున్నది. రౌటరు కాగితంలో ఇవి 5, 8, 3, 1, 40 బ్యాండ్లుగా వుంటాయి. బి.ఎస్.ఎన్.ఎల్. 4జికి 700 మెగాహెర్ట్జ్, అంటే 28వ బ్యాండు కూడా వున్నది. తక్కువ అంకె తరంగం ఎక్కువ దూరం పోతుంది, గోడలను కూడా కొంత దాటుతుంది. పల్లెకు అదే మేలు. కువైటు నుంచి బంధువులు తెచ్చిన రౌటరు ఇంట్లో వుందని కొందరు తెస్తుంటారు. అక్కడి కంపెనీకే తాళం వేసినదైతే మన సిమ్‌ను ఒప్పుకోదు. అమెరికా రకమైతే మన బ్యాండ్లు వుండకపోవచ్చు.

ఇక నిబంధనలు. వైఫై వాడుకునే సంఘం ఏ లైసెన్సూ తీసుకోనక్కరలేదు. 2.4 గిగాహెర్ట్జ్ 2005 నుంచి, 5 గిగాహెర్ట్జ్ 2018 నుంచి లైసెన్సు లేకుండా వాడుకోదగినవే. అనుమతులు తీసుకోవలసింది తయారుచేసినవారు, దిగుమతి చేసుకున్నవారు. మన పని అవి వున్నాయో లేదో చూడడం. రౌటరుకు, దాని అడాప్టరుకు భారత ప్రమాణాల సంస్థ నమోదు వుండాలి. ‘ఆర్’ అక్షరం తరువాత ఎనిమిది అంకెలుంటాయి. ‘బి.ఐ.ఎస్. కేర్’ యాప్‌లో ఆ అంకె వేస్తే ఎవరి పేరున వున్నదో తెలుస్తుంది. అడాప్టరు నమోదు ప్రత్యేకంగా చూడండి, నిప్పు పుట్టేది అక్కడే. రేడియో భాగానికి డబ్ల్యు.పి.సి. వారి ఆమోదం, 2017లో టెలిగ్రాఫ్ నిబంధనలకు వచ్చిన సవరణ ప్రకారం టి.ఇ.సి. పరీక్షా ధ్రువపత్రం, ఈ రెండింటి నకళ్ళు కొటేషనుతోనే అడగాలి. బెంగళూరు ఎస్.పి. రోడ్డులో నాలుగు వందలు తక్కువకు దొరికిందని బిల్లు లేకుండా తెస్తే, ఆడిట్‌లోనూ చిక్కే, చెడిపోయినప్పుడూ చిక్కే.

రౌటరు అడుగున 15 అంకెల ఐ.ఎమ్.ఇ.ఐ. వుంటుంది. కె.వై.ఎమ్. అని కొట్టి, చోటు విడిచి ఆ అంకె వేసి 14422కు సందేశం పంపితే వివరం వస్తుంది. అది పెట్టె మీది మోడలుతో కలవాలి. ఆ అంకెను చెరిపి మార్చడం 2023 నాటి టెలికమ్యూనికేషన్ల చట్టం ప్రకారం నేరం. మూడేళ్ళదాకా జైలు, 50 లక్షల రూపాయలదాకా జరిమానా వుండవచ్చు.

సిగ్నలు తక్కువని ‘బూస్టరు’ పెట్టే ఆలోచన మానుకోండి. అది తానే తరంగాలను వెదజల్లే యంత్రం. అనుమతి లేకుండా పెట్టరాదు, పైగా ఊరందరి ఫోన్లను చెడగొడుతుంది. రౌటరుకే బిగించే బయటి యాంటెన్నా వేరు, దానికి అభ్యంతరం లేదు. కప్పు మీద టవరు వైపు తిప్పి బిగించి ఎర్త్ చేయించండి. రౌటరు పేజీలో ఆర్.ఎస్.ఆర్.పి. అన్న అంకె మైనస్ 90 దగ్గర వుంటే బాగున్నట్లు, మైనస్ 110 దాటితే పనికిరానట్లు. రౌటరును ఇనుప బీరువాలోనూ, పాలు చల్లబరిచే ట్యాంకు చాటునా పెట్టవద్దు.

కరెంటు పోయినా పనిచేయాలి గదా! రౌటరు 8 వాట్లు తీసుకుంటే 12 వోల్టుల 7 ఆంపియర్-గంటల బ్యాటరీ ఆరేడు గంటలు ఇస్తుంది. చార్జి అవుతున్న బ్యాటరీ 14 వోల్టులదాకా పోతుంది. 12 మాత్రమే ఓర్చుకునే రౌటరును నేరుగా తగిలించవద్దు, 9 నుంచి 36 వోల్టులు తీసుకునే రకాలు వున్నాయి.

తీగలు కలపడానికి వచ్చిన మెకానిక్ పాల కాటా మూత విప్పకుండా చూడండి. తూనికలు కొలతల శాఖ వేసిన సీలు తెగితే మళ్ళీ పరీక్ష చేయించి ముద్ర వేయించేదాకా ఆ కాటా మీద పాలు తూయరాదు.

సిమ్ సంఘం పేరున తీసుకోండి. కార్యదర్శి పేరున వుంటే, కార్యదర్శి మారిన రోజు సిమ్మూ పోతుంది. 90 రోజులు వాడకుండా వదిలేసిన ప్రీపెయిడ్ నంబరును కంపెనీ రద్దు చేయవచ్చు. కాబట్టి రీచార్జి తేదీని పాలబిల్లుల తేదీ పక్కనే వ్రాసి, నెలకొక పూట అసలు లైను తీసివేసి సిమ్ మీదనే సేకరణ నడపండి.