రేవు ఊరిలో ఎకరం ఆట

బొగ్గు ఓడలు, నూనె శుద్ధి కర్మాగారాలు, రొయ్యల గుంటలు, కరెంటు కేంద్రం... నెల్లూరు జిల్లా కృష్ణపట్నం చుట్టుపక్కల ఖాళీ నేలకున్న గిరాకీ అంతా ఇంతా కాదు. ఇలాంటి చోట పిల్లలకు ఆటస్థలం అడిగితే ముందు వచ్చే ప్రశ్న 'ఎంత?' అని. సాఫ్ట్‌బాల్ దగ్గర ఆ ప్రశ్నకు చిన్న జవాబు ఉంది.

నెల్లూరు నుంచి ముత్తుకూరు దారి పట్టి తూర్పుగా పోతుంటే వరి చేలు పలచబడి రొయ్యల గుంటలు మొదలవుతాయి. ముత్తుకూరులో 1991 నుంచి మత్స్య కళాశాల ఉందంటేనే ఈ నేలకు నీటితో ఉన్న పొత్తు తెలుస్తుంది. ఆపైన పంటపాళెం వైపు వంటనూనె కర్మాగారాలు, లారీల బారులు. కండలేరు సముద్రాన్ని చేరే చోట కృష్ణపట్నం. శ్రీకృష్ణదేవరాయల పేరు మీదే ఊరికి ఆ పేరు వచ్చిందని ఇక్కడివాళ్లు చెప్పుకుంటారు.

పట్టపువాళ్ల పడవలు, బకింగ్‌హాం కాలువ, ఉప్పుగాలి ఉన్న ఈ తీరం 2008లో కొత్త రేవు మొదలయ్యాక మారిపోయింది. దగ్గర్లోని నేలటూరులో దామోదరం సంజీవయ్య థర్మల్ కేంద్రం లేచింది. అందులో 800 మెగావాట్ల యూనిట్లు మూడు, మూడోదాన్ని 2022 అక్టోబరులో జాతికి అంకితం చేశారు. రేవు సరుకు కడప వైపు చేరడానికి వెలిగొండలను తొలిచి ఆరున్నర కిలోమీటర్లకు పైగా సొరంగం వేశారు. ఆ రైలు మార్గం 2019లో తెరుచుకుంది. మరుసటి ఏడాది రేవులో 75 శాతం వాటాను అదానీ పోర్ట్స్ కొన్నది, 2021లో మిగతా పాతిక శాతమూ తీసుకుంది. అదే ఏడాది మే నెలలో, కొవిడ్ ఉద్ధృతిలో, ఊళ్లోని ఆనందయ్య ఇచ్చే మందు కోసం జనం పోటెత్తడంతో ఊరి పేరు దేశమంతా మోగింది. ఇప్పుడు చెన్నై–బెంగళూరు పారిశ్రామిక కారిడార్ కింద కృష్ణపట్నం పేరుతో పారిశ్రామిక నగరమే రాబోతోంది. 2025 జనవరి 8న ప్రధాని విశాఖపట్నం నుంచే దానికి శంకుస్థాపన చేశారు.

ఇన్ని పెద్ద పనుల మధ్య ఒక చిన్న ఆట సంగతి ఎందుకంటే, అది పుట్టిందే జాగా లేని చోట.

పడవల క్లబ్బులో పుట్టింది

1887 నవంబరు 24. అమెరికాలోని షికాగో. మిషిగన్ సరస్సు మీద పడవలు నడిపే ఫారాగట్ బోట్ క్లబ్ వాళ్లు వ్యాయామశాలలో చేరి, యేల్–హార్వర్డ్ ఫుట్‌బాల్ పోటీ ఫలితం కోసం ఎదురుచూస్తున్నారు. యేల్ గెలిచిందన్న కబురు వచ్చింది. ఆ సంబరంలో ఒకాయన బాక్సింగ్ తొడుగును అవతలి పక్షం వాడి మీదకు విసిరితే, వాడు చేతిలోని కర్రతో దాన్ని తిప్పికొట్టాడు. జార్జ్ హాంకాక్ అనే విలేకరి అక్కడే ఉన్నాడు. తొడుగును తాడుతో బిగించి బంతి చేశాడు, సుద్దముక్కతో నేల మీద గళ్లు గీశాడు, చీపురు కర్రను బ్యాట్‌గా అందించాడు. ఆ రాత్రి నాలుగు గోడల మధ్య ఆట 41–40తో ముగిసిందని చెబుతారు.

ఎనిమిదేళ్ల తర్వాత మినియాపొలిస్‌లో లూయిస్ రోబర్ అనే అగ్నిమాపక ఉద్యోగి, గంట మోగేదాకా ఊరికే కూర్చునే తన మనుషులకు వ్యాయామంగా ఉంటుందని స్టేషన్ పక్కనున్న ఖాళీ స్థలంలో ఇలాంటి ఆటే ఆడించాడు. ఒకచోట వ్యాయామశాల, ఇంకోచోట ఇళ్ల మధ్య ఖాళీ స్థలం. బేస్‌బాల్ మైదానం దొరకని మనుషులు ఉన్న జాగాకు తగ్గట్టు ఆటను కుదించుకున్నారు. 1926లో వాల్టర్ హకన్సన్ 'సాఫ్ట్‌బాల్' అనే పేరు సూచించాడు. 1933లో షికాగో ప్రపంచ ప్రదర్శనలో పెద్ద టోర్నీ జరిగాక ఆట అమెరికా అంతటా పాకింది.

సెంట్లలో లెక్క

మన లెక్కలోకి వద్దాం. సాఫ్ట్‌బాల్‌లో పరుగెత్తి చేరాల్సిన బేస్‌ల మధ్య దూరం 60 అడుగులు. నాలుగు బేస్‌ల చదరం 3,600 చదరపు అడుగులు, అంటే ఎనిమిదింపాతిక సెంట్లు. పరుగులన్నీ ఆ గీతల మీదే. దాని వెనక ఫీల్డర్లకు 220 అడుగుల మేర విసనకర్రలా విచ్చుకున్న స్థలం, పక్కల పాతికేసి అడుగులు వదిలితే మొత్తం ఎకరం పదిహేను సెంట్లకు మించదు. క్రికెట్‌కు పిచ్ చుట్టూరా బౌండరీ కావాలి. 75 గజాల బౌండరీ పెట్టుకుంటే మూడున్నర ఎకరాలు దాటుతుంది.

ఇంకో కొలత. పాత పనామా కాలువలో పట్టేలా కట్టిన సరుకు ఓడ వెడల్పు సుమారు 32 మీటర్లు. బ్యాటర్ నిలబడే హోమ్ ప్లేట్ నుంచి రెండో బేస్‌కు మూలగా కొలిస్తే 26 మీటర్ల లోపే. చదరం మొత్తం ఆ ఓడ వెడల్పులో ఇమిడిపోతుంది.

నేల మాత్రం చూసుకోవాలి. సముద్రపు ఇసుకలో బంతి లేవదు, కాలు దిగబడుతుంది. బేస్‌ల మధ్య గడ్డి లేని గట్టి మట్టి కావాలి. రేవు ఊళ్లో దీనికి పనికొచ్చేది చదును చేసి ఎర్రమట్టి పరిచిన మెరక. పల్లంలో వేస్తే అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వాయుగుండాల వానలకు నీళ్లు నిలుస్తాయి, నెల్లూరు తీరానికి పెద్ద వానలు ఆ నెలల్లోనే. మధ్యాహ్నం తిరిగాక వీచే సముద్రపు గాలిలో పెద్ద బంతి పక్కకు కొట్టుకుపోతుంది కాబట్టి, బ్యాటర్ ముఖం ఎటు ఉండాలో చూసుకునే చదరం గీయాలి.

అర సెకనులో తేలిపోతుంది

చిన్న జాగా కదా అని తేలిగ్గా తీసుకోవడానికి లేదు. బంతి చుట్టుకొలత 12 అంగుళాలు, బరువు 180 గ్రాములకు అటూ ఇటూ. క్రికెట్ బంతి 160 గ్రాముల దగ్గరే ఆగుతుంది. బంతిని కింది నుంచే వేయాలన్నది నియమం. పిచర్ చేతిని భుజం చుట్టూ వడిసెల తిప్పినట్టు ఒక్క చుట్టు తిప్పి తొడ పక్కన వదులుతుంది. మహిళల ఆటలో పిచర్‌కూ బ్యాటర్‌కూ మధ్య దూరం 43 అడుగులు. మేటి పిచర్ల బంతి గంటకు 110 కిలోమీటర్ల వేగంతో వస్తుంది. ఆడాలా వదలాలా అని తేల్చుకోవడానికి అర సెకను కూడా మిగలదు. 2004లో ఒక ప్రదర్శన ఆటలో అమెరికా పిచర్ జెన్నీ ఫించ్ ముందు బేస్‌బాల్ దిగ్గజాలు ఆల్బర్ట్ పుహోల్స్, మైక్ పియాజా బంతిని తాకలేకపోయారు.

*ఆట సంగతులు*

• జట్టుకు తొమ్మిది మంది. ఆట 7 ఇన్నింగ్స్. ఐదు ఇన్నింగ్స్ అయ్యేసరికి ఏడు పరుగుల తేడా ఉంటే అక్కడికి ముగింపు.

• పిచర్ చేతి నుంచి బంతి వెలువడేదాకా బేస్ మీది ఆటగత్తె కాలు తీయకూడదు.

• మొదటి బేస్‌కు జంట పలకలు ఉంటాయి. పరుగెత్తేవారు, బంతి పట్టేవారు ఢీకొనకుండా చెరొకటి.

• తొలి మహిళా ప్రపంచ పోటీలు 1965లో మెల్‌బోర్న్‌లో జరిగాయి. అమెరికాను ఓడించి ఆస్ట్రేలియా గెలిచింది.

• ఒలింపిక్స్‌లో ఇది మహిళల ఆట. 1996, 2000, 2004లో స్వర్ణం అమెరికాది. 2008లోనూ, 2021లో జరిగిన టోక్యో పోటీల్లోనూ జపాన్‌ది.

• 2008లో జపాన్ పిచర్ యుకికో ఉయెనో రెండు రోజుల్లో మూడు మ్యాచ్‌లు ఆడి 413 బంతులు వేసింది. టోక్యో ఫైనల్లోనూ ఆమే, అప్పటికి 39 ఏళ్లు.

తెలుగు నేల మీద

మన దేశంలో సాఫ్ట్‌బాల్ సంఘం 1961లో ఏర్పడింది. పాఠశాలల జాతీయ క్రీడల్లోనూ ఈ ఆట ఉంది. తెలుగునాట ఇది నగరాల కన్నా పల్లెల్లోనే బాగా కుదురుకుంది. అనంతపురంలో రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు నడిపే క్రీడా అకాడమీ పల్లె పిల్లలకు నేర్పే ఆటల్లో సాఫ్ట్‌బాల్ ఒకటి. తెలంగాణలో నిజామాబాద్ జిల్లాకు ఈ ఆటలో మంచి పేరుంది. అక్కడి సుద్దపల్లి గురుకుల పాఠశాల అమ్మాయిలకు శిక్షణ ఇస్తోంది. అనంతపురంలో వాన కరువు, నిజామాబాద్‌లో గురుకులపు ప్రహరీ. ఆట కుదురుకున్న చోట్లలో సముద్రమూ లేదు, రేవూ లేదు. ఆటకు కావలసిందల్లా కొంచెం చదును నేల, రోజూ సాయంత్రం వచ్చి నిలబడే ఒక శిక్షకుడు.

రేవు ఊరికీ అంతకన్నా అక్కర్లేదు. బిళ్ళంగోడు ఆడిన చెయ్యి బ్యాట్ పట్టడానికి ఎక్కువ రోజులు పట్టదు. పైగా క్రికెట్ బ్యాట్‌తో రోడ్డెక్కే మగపిల్లలు ఎటూ ఏదో ఒక సందు వెతుక్కుంటారు. ఆడపిల్లలకే కంచె ఉన్న, వెలుతురున్న, తమదని చెప్పుకునే ఆటస్థలం కావాలి. బడి వదిలాక రెండు గంటల్లో మ్యాచ్ ముగుస్తుంది, చీకటి పడేలోగా ఇంటికి చేరొచ్చు.

నగరం గీస్తున్నప్పుడే

డబ్బు మాట వస్తే, 2013 కంపెనీల చట్టం ప్రకారం లాభాల్లో ఉన్న పెద్ద సంస్థలు సగటు నికర లాభంలో రెండు శాతం సమాజం కోసం ఖర్చు పెట్టాలి. ఆ ఖర్చు పెట్టదగిన పనుల పట్టికలో గ్రామీణ క్రీడల శిక్షణ, ఒలింపిక్ క్రీడల శిక్షణ రెండూ ఉన్నాయి. పారిస్‌లో పక్కనపెట్టిన సాఫ్ట్‌బాల్ 2028 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లో తిరిగి వస్తోంది. రేవు, కరెంటు, నూనె సంస్థలు ఇన్ని ఒకేచోట ఉన్న తీరం ఆంధ్రలో అరుదు.

కట్టేసిన ఊళ్లో ఆటస్థలం కోసం గోడలు కూల్చలేం. ఇక్కడ కొత్త నగరం ఇంకా రూపు దిద్దుకోవాల్సే ఉంది. వేల ఎకరాల నక్షాలో రోడ్లు, షెడ్లు, కాలువలు గీసేవాళ్లు ఎకరం పదిహేను సెంట్ల ముక్క ఒకటి ఆడపిల్లల బడి పక్కనే గీయాలి. ఆ పని ఇప్పుడైతే గీతతో అయిపోతుంది. పదేళ్ల తర్వాతైతే కోర్టు, నష్టపరిహారం, ధర్నా దాకా పోతుంది.