ఆ సీలు వెనక ఎవరి చేతులు?

నెత్తుటి మరకలున్న చొక్కా దొరికింది. ల్యాబ్ రిపోర్టు వచ్చింది. డీఎన్‌ఏ సరిపోయింది. ఇంకేముంది, కేసు తేలిపోయినట్టే! సినిమాల్లో అయితే అంతే. కోర్టులో మాత్రం అసలు ప్రశ్న అక్కడే మొదలవుతుంది... 'ఇంతకీ ఆ చొక్కా ఎవరెవరి చేతులు మారి ఇక్కడికొచ్చింది?'

తమిళనాడులోని తేని జిల్లాలో సురులి జలపాతం ఉంది. 2011 మే నెలలో అక్కడికి వెళ్లిన ఓ ప్రేమజంట తిరిగి రాలేదు. కొన్ని రోజులకు ఇద్దరి శవాలూ దొరికాయి. అమ్మాయి మీద అత్యాచారం జరిగిందన్నారు. పోలీసులు ఒకతన్ని పట్టుకున్నారు. కింది కోర్టు ఉరిశిక్ష వేసింది. 2019లో మద్రాసు హైకోర్టు దాన్ని ఖాయం చేసింది. 2025 జులై 15న సుప్రీంకోర్టు మాత్రం అతణ్ని నిర్దోషిగా విడుదల చేసింది. కోర్టు ఎత్తిచూపిన లోపాల్లో ముఖ్యమైనది డీఎన్‌ఏ నమూనాల సంగతే. వాటిని సేకరించాక ల్యాబ్‌కు చేరేదాకా ఎక్కడ ఉంచారు, ఎవరి కాపలాలో ఉన్నాయి, అంత ఆలస్యం ఎందుకైంది? సరైన జవాబు లేదు.

అతని జీవితంలో ఏళ్లకేళ్లు ఉరికంబం నీడలో గడిచాయి. బిడ్డల్ని పోగొట్టుకున్న రెండు కుటుంబాలకేమో 14 ఏళ్లు గడిచినా హంతకుడెవరో తెలియలేదు. రాయాల్సిన నాలుగు ముక్కలు రాయకపోతే ఇటు వాళ్లకీ అటు వాళ్లకీ జరిగే అన్యాయం ఇది.

లక్క సీలు కథ

సాక్ష్యం ఒక చేతి నుంచి మరో చేతికి ఎలా వెళ్లిందో రాసుకుంటూ పోవడాన్ని లాయర్లు 'చైన్ ఆఫ్ కస్టడీ' అంటారు. గొలుసు అన్నమాట. ఒక్క లంకె ఊడినా మిగతా గొలుసంతా ఎంత గట్టిదైనా ఒకటే.

మొదటి లంకె నేరం జరిగిన చోటే పడుతుంది. పోలీసులు ఇద్దరు మధ్యవర్తుల్ని పిలుస్తారు. వాళ్ల ఎదుటే వస్తువుని తీసి, పంచనామా రాసి, ప్యాకెట్ కట్టి, లక్క కరిగించి సీలు వేస్తారు. చీటీ మీద అందరూ సంతకాలు పెడతారు. ఇందులోనూ ఓ మెలకువ ఉంది. నెత్తురంటిన బట్టని తడి మీద ప్లాస్టిక్ సంచిలో పెట్టకూడదు. చెమ్మకు బూజు పట్టి డీఎన్‌ఏ పాడైపోతుంది. నీడన ఆరబెట్టి కాగితపు కవర్లో పెట్టాలి.

తర్వాత ప్యాకెట్ స్టేషన్‌కి వెళ్తుంది, అక్కడి రిజిస్టర్లో ఎక్కుతుంది. ఆ పైన ఏ కానిస్టేబుల్ ఏ రోజు ఎన్ని గంటలకు తీసుకెళ్లాడు, ల్యాబ్‌లో ఎవరు అందుకున్నారు... అన్నిటికీ సంతకం ఉండాలి. ల్యాబ్ వాళ్లు ముందు చూసేది లోపలున్న వస్తువుని కాదు, పైనున్న సీలుని! పగల్లేదు కదా, పంపిన నమూనా ముద్రతో సరిపోయింది కదా అని చూశాకే విప్పుతారు.

ఇంత చాదస్తం ఎందుకంటారా? 1994లో అమెరికా ఫుట్‌బాల్ స్టార్ ఓ.జె.సింప్సన్ మీద జంట హత్యల కేసు పడింది. అతని నుంచి నర్సు సుమారు 8 మిల్లీలీటర్ల రక్తం తీశానన్నాడు. లెక్క చూస్తే ఆరున్నరకే ఆధారం ఉంది. పైగా ఆ సీసాని డిటెక్టివ్ వెంటనే జమ చేయకుండా వెంటబెట్టుకుని సింప్సన్ ఇంటికి వెళ్లాడు. 'ఆ మిగిలిన ఒకటిన్నర ఎక్కడ చల్లారు?' అని డిఫెన్స్ లాయర్లు పట్టుకున్నారు. 1995 అక్టోబరులో జ్యూరీ సింప్సన్‌ని వదిలేసింది.

ఎలుకల పని!

మన దగ్గరా అలాంటివి ఉన్నాయి. 1997లో అమృత్‌సర్ విమానాశ్రయంలో ఓ ఆఫ్ఘన్ ప్రయాణికుడి దగ్గర కిలో 400 గ్రాముల హెరాయిన్ దొరికిందన్నారు. పట్టుకున్న సరకు గానీ, అది దొరికిందంటున్న అట్టపెట్టె గానీ కోర్టు ముందుకు రాలేదు. 2008లో సుప్రీంకోర్టు అతణ్ని విడిచిపెట్టింది. 2022లో అయితే ఉత్తరప్రదేశ్‌లోని మథుర పోలీసులు స్టేషన్లలో దాచిన 581 కిలోల గంజాయిని ఎలుకలు తినేశాయని కోర్టుకి చెప్పారు. రుజువు చూపించమంది కోర్టు. పాపం, ఎలుకల వేలిముద్రలు ఎక్కడ దొరుకుతాయి!

సురులి కేసు తీర్పులోనే సుప్రీంకోర్టు దేశమంతటికీ వర్తించే ఆదేశాలిచ్చింది. డీఎన్‌ఏ నమూనా సేకరించిన 48 గంటల్లోగా ల్యాబ్‌కి చేరాలి. ఆలస్యమైతే కారణం కేసు డైరీలో రాయాలి. కోర్టు అనుమతి లేకుండా ప్యాకెట్ విప్పకూడదు, మళ్లీ సీలు వేయకూడదు. కేసు తేలేదాకా ప్రతి కదలికనీ ఓ రిజిస్టర్లో సంతకాలతో నమోదు చేయాలి. పుస్తకం పెట్టడం తేలికే. నమూనా పెట్టెతో రాత్రి బస్సెక్కే కానిస్టేబుల్‌కి దాన్ని చల్లగా ఉంచే ఏర్పాటు కూడా చేస్తేనే ఆ 48 గంటలకి అర్థం.

2024 జులై 1 నుంచి అమల్లోకొచ్చిన కొత్త చట్టం ప్రకారం సోదాల్ని, స్వాధీనాన్ని వీడియో తీయాలి. రేపు మిమ్మల్నే మధ్యవర్తిగా పిలిస్తే మొహమాటపడి ఖాళీ కాగితం మీద సంతకం పెట్టకండి. చూసిందే రాయించండి, చదివాకే సంతకం చేయండి.

ఫోన్లోని సాక్ష్యానికి లక్క వేయలేం కదా! అందుకే ఫైలు మొత్తాన్ని లెక్కగట్టి 'హ్యాష్' అనే పొడవాటి గుర్తు తీస్తారు. ఫైల్లో ఒక్క చుక్క మారినా ఆ గుర్తు మారిపోతుంది. కోర్టుకిచ్చే సర్టిఫికెట్‌లో దాన్ని రాయాలి. మీ ఇంటి సీసీ కెమెరాలో దొంగ పడ్డాడనుకోండి, ఆ క్లిప్‌ని వాట్సాప్‌లో పదిమందికీ పంపి అసలుది చెరిపేయకండి. వాట్సాప్ వీడియోని కుదించేస్తుంది కాబట్టి వాళ్లకి చేరేది వేరే ఫైలు.

నగకీ, శిల్పానికీ

వస్తువు అసలుదేనని చెప్పడానికీ ఇదే పద్ధతి. 2023 ఏప్రిల్ 1 నుంచి షాపులు అమ్మే హాల్‌మార్క్ నగ మీద ఆరు అంకెలూ అక్షరాలూ కలిసిన గుర్తు ఉండాలి. దాన్ని బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే బంగారం స్వచ్ఛతతో పాటు ఏ కేంద్రం పరీక్షించిందో కూడా వస్తుంది.

పాత శిల్పాలకి అలాంటి గుర్తులుండవు. చేతులు మారిన చరిత్రే ఆధారం. దొంగలు దొంగిలించేదీ, కల్పించేదీ దాన్నే. దొనకొండ దగ్గర చందవరంలో గుండ్లకమ్మ ఒడ్డున పాత బౌద్ధ స్తూపం ఉంది. అక్కడ దొరికిన మూడో శతాబ్దం నాటి సున్నపురాయి శిల్పంలో భక్తులు బుద్ధుణ్ని కొలుస్తుంటారు. 2005లో ఆస్ట్రేలియా నేషనల్ గ్యాలరీ దాన్ని న్యూయార్క్ డీలర్ దగ్గర కొంది. కాగితాలు పక్కాగా ఉన్నాయి. 1969లోనే హాంకాంగ్‌లో ఒకాయన కొన్నాడని వాటిలో ఉంది. తీరా చూస్తే ఆ తేదీకి ఎన్నో ఏళ్ల తర్వాత కూడా శిల్పం ఇండియాలోనే ఉన్నట్టు ఫొటో బయటపడింది. ఆస్ట్రేలియా 2016లో శిల్పాన్ని మన దేశానికి తిరిగిచ్చేసింది. అన్ని కాగితాల్నీ కొట్టేసింది ఒక్క ఫొటో!