యజమానికీ ఓ సంఘం కావాలి!

గుమస్తాకు కష్టమొస్తే మేనేజరుకు చెప్పుకుంటాడు. మేనేజరు వెళ్లి యజమానికి చెబుతాడు. మరి యజమాని? ఆయన ఎవరికి చెప్పుకోవాలి? ఈ ప్రశ్నకు వ్యాపార ప్రపంచం వెతుక్కున్న జవాబుల్లో ఒకటి... మాస్టర్‌మైండ్ గ్రూప్!

ఆదోనిలో జిన్నింగు మిల్లు నడిపే ఓ పెద్దమనిషిని ఊహించుకోండి. సీజన్లో అప్పు తెచ్చి పత్తి కొన్నాడు. తీరా బేళ్లు కట్టేసరికి దూది ధర పడిపోయింది. నష్టానికి అమ్మేయాలా? రెండు నెలలు ఆగాలా? ఇంట్లో చెబితే వాళ్లకు నిద్ర ఉండదు. మిల్లులో చెబితే పనివాళ్లకు జీతాల భయం. బ్యాంకులో చెబితే అప్పు పరిమితి తగ్గిస్తారేమోనన్న అనుమానం. ఇక బజార్లో నోరు జారితే అంతే సంగతులు. 'ఫలానా ఆయన ఇబ్బందుల్లో ఉన్నాడట' అన్న మాట సాయంత్రానికి ఊరంతా తిరిగొస్తుంది. తెల్లారేసరికి బాకీలవాళ్లు గుమ్మం ముందుంటారు.

ఆదోని పత్తి, బేతంచెర్ల బండలు, ప్రొద్దుటూరు బంగారం... సరుకేదైనా సీమలో వ్యాపారం సగం మాట మీదే నడుస్తుంది. అందుకే కష్టమొచ్చినప్పుడు మాట బయటికి రాదు. పరువు అడ్డొస్తుంది. ఎవరితోనూ చర్చించకుండా, అర్ధరాత్రి ఒంటరిగా తీసుకున్న నిర్ణయాలే చాలాసార్లు కొంప ముంచుతాయి.

ఆ ఒంటరితనానికి మందు లాంటిదే ఈ గ్రూప్. ఇంచుమించు ఒకే స్థాయిలో ఉన్న ఆరు నుంచి పదిమంది నెలకోసారి తలుపులేసుకుని కూర్చుంటారు. ఒకరి సమస్యను మిగతావాళ్లంతా తమదనుకుని ఆలోచిస్తారు. అందులో పైవాడూ ఉండడు, కిందివాడూ ఉండడు.

మొదలైందిలా...

పేరు కొత్తగానీ పద్ధతి పాతదే. 1727లో అమెరికాలోని ఫిలడెల్ఫియాలో బెంజమిన్ ఫ్రాంక్లిన్ అనే 21 ఏళ్ల ముద్రణ పనివాడు ఓ డజను మందిని కూడగట్టి 'జుంటో' పేరుతో క్లబ్ పెట్టాడు. చెప్పులు కుట్టే ఆయన, వడ్రంగి, సర్వేయరు... అందరూ శుక్రవారం సాయంత్రం కలిసేవారు. ఒకరికొకరు ఎలా సాయపడగలరో మాట్లాడుకునేవారు. 1731లో వాళ్లు మొదలెట్టిన గ్రంథాలయం ఇప్పటికీ ఉంది!

'మాస్టర్‌మైండ్' అన్న మాటకు బాగా పేరు తెచ్చింది మాత్రం నెపోలియన్ హిల్. 1937లో వచ్చిన 'థింక్ అండ్ గ్రో రిచ్' పుస్తకంలో దీనికోసం ఓ అధ్యాయమే కేటాయించాడు. తర్వాత 1950లో రే హికాక్ అనే యువకుడు న్యూయార్క్ రాష్ట్రంలోని రోచెస్టర్‌లో 'యంగ్ ప్రెసిడెంట్స్ ఆర్గనైజేషన్' స్థాపించాడు. తండ్రి పోవడంతో చిన్న వయసులోనే బెల్టుల కంపెనీ భారం నెత్తిన పడింది ఆయనకి. తనలాంటివాళ్లతో మాట్లాడితే తప్ప దారి తెలియదనుకున్నాడు. ఆ సంస్థ ఇప్పుడు ప్రపంచమంతా విస్తరించింది.

ఓర్వకల్లు చెప్పే పాఠం

అంత దూరం వెళ్లడమెందుకు? కర్నూలు పక్కనే ఓర్వకల్లు ఉంది. 1990లలో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం అండతో కర్నూలు, మహబూబ్‌నగర్, అనంతపురం జిల్లాల్లో పేదరిక నిర్మూలన పథకం నడిచింది. అప్పుడు ఓర్వకల్లు మండలంలో పల్లె మహిళలు పొదుపు సంఘాలుగా ఏర్పడ్డారు. 2000లో వచ్చిన 'వెలుగు' పథకానికీ, 2011లో మొదలైన జాతీయ గ్రామీణ జీవనోపాధుల మిషన్‌కీ ఇలాంటి అనుభవాలే పునాది.

పొదుపు సంఘాలకు పంచసూత్రాలున్నాయి. క్రమం తప్పని సమావేశం, పొదుపు, అంతర్గత అప్పులు, సకాలంలో తిరిగి చెల్లింపు, పక్కాగా పుస్తకాల నిర్వహణ. వాయిదా కట్టలేకపోతే ఎందుకు కట్టలేదో తోటివాళ్ల ముందే చెప్పాలి. చాపల మీద గుండ్రంగా కూర్చుని ఆ తల్లులు చేసిన పనిలో డబ్బు సంగతి పక్కన పెడితే మిగిలేదే మాస్టర్‌మైండ్ గ్రూప్. లక్షల టర్నోవరున్న వ్యాపారులు నేర్చుకోవాల్సిందీ అదే... తోటివాళ్ల ముందు లెక్క విప్పడం!

లోపల ఏం జరుగుతుంది?

సమావేశం మూడు గంటలనుకుంటే, మొదట ఒక్కొక్కరూ ఐదేసి నిమిషాలు మాట్లాడతారు. గత నెలలో జరిగిన మంచేంటి, చెడేంటి... వ్యాపారంలోనూ, ఇంట్లోనూ. తర్వాత ఒకరిద్దరి సమస్యలు ఎంచుకుని లోతుగా చర్చిస్తారు. ముందు ప్రశ్నలే. మన ఆదోని పెద్దమనిషినే తీసుకోండి. "అన్నా, వడ్డీ రోజుకెంత పడుతోంది?" "గోదాము బాడుగెంత?" "ఏ ధరొస్తే అమ్ముతావు? ఆ అంకె ఎక్కడన్నా రాసుకున్నావా?" అంటారు. సగం జవాబు ఆ ప్రశ్నల్లోనే దొరుకుతుంది.

ఆ తర్వాత అనుభవాలు. 'నువ్విలా చెయ్' అనకూడదన్నది చాలా గ్రూపుల్లో నియమం. 'నాకిలాంటిది ఎదురైనప్పుడు నేనిది చేశాను, ఇలా అయింది' అని మాత్రమే చెప్పాలి. సలహా వింటే అహం అడ్డొస్తుంది, అనుభవం వింటే ఆలోచన పుడుతుంది. చివర్లో నెలలోపు ఏం చేస్తారో రాసిస్తారు. వచ్చే నెల మొదటి ప్రశ్న దాని మీదే!

ఎవరుండాలి... ఎవరొద్దు?

ఒకే సరుకు అమ్మే పోటీదారులు, అప్పిచ్చినవాళ్లు, సరఫరాదారులు, వియ్యంకులు, భాగస్వాములు... వీళ్లెవరూ ఒకే గ్రూపులో ఉండకూడదు. ఒకే ఊరివాళ్లయితే మొహమాటం కూడా. అందుకే కర్నూలు నుంచి ఇద్దరు, నంద్యాల నుంచి ఇద్దరు, ప్రొద్దుటూరు, కడపల నుంచి ఒక్కొక్కరు కలిస్తే మేలు. రాయి కోసే ఆయనకీ, ఆసుపత్రి నడిపే ఆమెకీ సరుకులు వేరు కావచ్చు. జీతాలు, బాకీలు, వారసుల బెంగ మాత్రం ఇద్దరికీ ఒకటే.

* యజమాని కాకుండా కంపెనీలో ఉన్నతోద్యోగి అయితే ముందు యాజమాన్యం అనుమతి తీసుకోవాలి. కంపెనీ రహస్యాలు, స్టాక్ మార్కెట్‌పై ప్రభావం చూపే వివరాలు చెప్పకూడదు.

* పోటీదారులు కూర్చుని ధరలు కుదుర్చుకుంటే అది 2002 నాటి కాంపిటీషన్ చట్టం కింద తప్పు.

* సభ్యుల మధ్య అప్పులు, చీటీలు వద్దు. డబ్బు చేరితే నిజం పారిపోతుంది.

* ఫీజు తీసుకునే గ్రూపయితే ఎంత, దేనికి, నడిపేదెవరు అని అడగండి. 'ఇంకో నలుగురిని చేర్పిస్తే కమీషన్' అంటే అది గొలుసుకట్టు వ్యాపారమే. నమస్కారం పెట్టి వచ్చేయండి.

* రెండుసార్లు చెప్పకుండా మానేసినవాళ్లను తప్పించాలన్న నియమం మొదటిరోజే రాసుకోండి.

చేరాలనుకుంటే పెద్ద సంస్థ మీ ఊరికి వచ్చేదాకా ఆగక్కర్లేదు. నమ్మకమున్న ఒక్కరితో మాట్లాడండి. ఇద్దరూ చెరో ఇద్దరిని వెతకండి. ఆరు నెలలని గడువు పెట్టుకుని మొదలెట్టండి. కర్నూలు-కడప దారిలో నంద్యాలో, మైదుకూరో... అందరికీ అందుబాటుగా ఉన్నచోట ఓ గది చాలు.

మొదటిసారి ఎవరూ అసలు సంగతి చెప్పరు. పంటలు, వానలు, పిల్లల చదువులతోనే సరిపోతుంది. మూడోసారో నాలుగోసారో ఎవరో ఒకరు గొంతు సవరించుకుని అసలు కష్టం బయటపెడతారు. ఆ రోజు విన్న మాట ఆ గది గడప దాటకపోతే... ఆ గ్రూప్ నిలబడినట్టే!