గోల్ కొట్టాలన్నా వీసా కావాలి!

మీకు తెలుసా? రేపు తిరుపతిలో ఎవరైనా ఫుట్‌బాల్ క్లబ్బు పెట్టి, బ్రెజిల్ నుంచి ఒక స్ట్రైకర్‌ను ఏడాది వీసా మీద తీసుకొస్తే, అతగాడు దిగిన 14 రోజుల్లో విదేశీయుడిగా నమోదు కావాలి. జిల్లాల్లో ఆ నమోదు అధికారి ఎవరో కాదు, ఎస్పీ గారే! గోల్‌పోస్టు సంగతి తర్వాత, ముందు పోలీసు లెక్కల్లోకి ఎక్కాలి.

మీకు తెలుసా? ఐపీఎల్ ఆడటానికి వచ్చే విదేశీ క్రికెటర్‌కి మన దేశం ఇచ్చేది బిజినెస్ వీసా. మన క్లబ్బుతో కాంట్రాక్టు రాసుకున్న విదేశీ ఫుట్‌బాలర్‌కి ఇచ్చేది ఎంప్లాయిమెంట్ వీసా. ఒకరు వ్యాపారి, ఒకరు ఉద్యోగి! ఎంప్లాయిమెంట్ వీసాకి ఏడాది జీతం కనీసం 16.25 లక్షలు ఉండాలన్నది ఏళ్లుగా ఉన్న షరతు. ఆ షరతు నుంచి మినహాయింపు ఎవరికో చెప్పుకోండి చూద్దాం? తమ దేశపు వంట చేసే వంటవాళ్లకి! గరిటె పట్టినవాడికి ఉన్న వెసులుబాటు గోల్ కొట్టేవాడికి లేదు.

మీకు తెలుసా? మన దేశం తరఫున అందరికంటే ఎక్కువ గోల్స్ కొట్టిన సునీల్ ఛెత్రీకి 2009లో లండన్‌లోని క్వీన్స్ పార్క్ రేంజర్స్ క్లబ్బుతో ఒప్పందం కుదిరింది. బ్రిటన్ మాత్రం వర్క్ పర్మిట్ ఇవ్వనంది. ఎందుకు? ఫిఫా ర్యాంకుల్లో భారత్ తొలి 70లో లేదట! అతను ఎంత బాగా ఆడతాడన్నది కాదు, అతని దేశం ఎన్నో స్థానంలో ఉందన్నది చూశారు. ఇది తల్చుకుంటే ఇప్పటికీ కడుపు రగిలిపోతుంది. మరుసటి ఏడాదే అమెరికాలోని కాన్సాస్ సిటీ క్లబ్బు అతన్ని పిలిచి తీసుకుంది. శభాష్!

అమెరికా అన్నాం కదా, ఇది వినండి. అక్కడి మేజర్ లీగ్ సాకర్‌లో విదేశీ ఆటగాళ్లకి క్లబ్బుకి 8 స్థానాల చొప్పున ఇస్తారు. క్లబ్బులు వాటిని ఒకదానికొకటి అమ్ముకోవచ్చు కూడా. గ్రీన్ కార్డు చేతికొచ్చిందా, ఆ ఆటగాడు విదేశీ లెక్కలోంచి మాయం! చిత్తూరు, తిరుపతి వాళ్లకి గ్రీన్ కార్డు విలువ వేరే చెప్పాలా?

మీకు తెలుసా? 1930లో ఆర్సెనల్ క్లబ్బు ఆస్ట్రియా గోల్‌కీపర్ రూడీ హిడెన్‌ను కొనుక్కుంది. ఇంగ్లండ్ అధికారులు అతన్ని దేశంలోకే రానివ్వలేదు. ఆ మరుసటి ఏడాది వచ్చిన నిబంధనైతే మరీ ఘోరం: విదేశీయుడు రెండేళ్లు అక్కడ కాపురం ఉంటేగానీ ఆడకూడదు. అది ఎత్తేసింది 1978లో. 47 ఏళ్లు!

అదే ఇంగ్లండ్‌లో 1999 డిసెంబర్ 26న చెల్సీ క్లబ్బు దింపిన పదకొండు మందిలో ఒక్క బ్రిటిష్ ఆటగాడు లేడు. పదకొండుకి పదకొండూ బయటివాళ్లే!

మళ్లీ తలుపు బిగుసుకుంది. బ్రెగ్జిట్ తర్వాత, 2021 జనవరి 1 నుంచి యూరప్ ఆటగాళ్లకి కూడా వర్క్ పర్మిట్ కోసం పాయింట్లు లెక్కేస్తున్నారు. 15 వస్తే గేటు తెరుచుకున్నట్టే. రాకపోతే? 2023లో పెద్ద క్లబ్బులకి గరిష్ఠంగా నాలుగేసి ప్రత్యేక స్థానాలు ఇచ్చారు. ఇంజినీరింగ్ కాలేజీల మేనేజ్‌మెంట్ కోటా గుర్తొచ్చిందా?

మీకు తెలుసా? 2022లో హైదరాబాద్ ఎఫ్‌సీ ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్ఎల్) కప్పు కొట్టింది. ఆ సీజన్‌లో నైజీరియా వీరుడు ఒగ్బెచే ఒక్కడే 18 గోల్స్ కొట్టాడు. కానీ మైదానంలో ఒకేసారి విదేశీయులు నలుగురికి మించకూడదన్న నిబంధన వచ్చింది కూడా ఆ సీజన్‌లోనే. ఫైనల్లో సమం చేసిన గోల్ కొట్టింది సాహిల్ తవోరా, పెనాల్టీల్లో మూడు ఆపింది కట్టిమణి. ఇద్దరూ మనవాళ్లే. ఈలలు వెయ్యండి!

మీకు తెలుసా? 2006 ప్రపంచ కప్పులో తెలుగు మూలాలున్న ఒకాయన ఆడాడు! పేరు వికాష్ దొరాసూ. కుటుంబం మారిషస్ నుంచి ఫ్రాన్స్ వెళ్లింది, ఆయన ఫ్రాన్స్ జట్టుకి ఆడాడు. మన జట్టుకి ఆడి ఉంటేనా అనిపించిందా? ఆగండి, మన చట్టం రెండు పౌరసత్వాలు ఒప్పుకోదు. జపాన్‌లో పుట్టిన ఇజుమి అరాటా ఆ దేశపు పౌరసత్వం వదులుకున్నాకే 2013లో భారత్ జెర్సీ తొడిగాడు. జెర్సీ కోసం పాస్‌పోర్టే మార్చాడు, అదీ ఆట మీద ప్రేమంటే!

మన రాయలసీమ కబురొకటి. స్పెయిన్ దేశస్థుడు విన్సెంట్ ఫెర్రర్‌ను 1968లో మన దేశం వదిలి వెళ్లమన్నారు. ఆయన 1969లో తిరిగొచ్చి అనంతపురంలో స్థిరపడ్డాడు. ఆయన సంస్థ నడిపే మైదానాల్లో పల్లె పిల్లలు ఫుట్‌బాల్ నేర్చుకుంటున్నారు. అప్పుడు వీసా దొరక్కపోయి ఉంటే?

చివరిగా, బంతి వెంట పరిగెత్తే పిల్లలున్న తల్లిదండ్రులకి. పద్దెనిమిదేళ్లు నిండని ఆటగాణ్ణి ఇంకో దేశం క్లబ్బుకి మార్చడాన్ని, కొన్ని మినహాయింపులు తప్ప, ఫిఫా ఒప్పుకోదు. యూరప్ క్లబ్బులో చేర్పిస్తానని ఎవరైనా డబ్బడిగితే, ముందు మీ వాడి వయసు లెక్క చూసుకోండి. ఆ తర్వాతే మాట్లాడండి.