కొత్త డిస్కు మాట వింటుందా?

అమెరికాలోని పిల్లల దగ్గరికి వెళ్లిన మోస్రా, బోధన్‌ పెద్దలకు అక్కడి పార్కుల్లో ఒక్కోచోట చిత్రమైన స్తంభాలు కనిపిస్తుంటాయి. నడిమధ్య ఇనుప బుట్ట, పైనుంచి వేలాడే గొలుసులు. 'చెత్తబుట్టేమో' అనుకునేలోపే చెట్ల సందులోంచి ఓ ప్లాస్టిక్‌ పళ్లెం ఎగిరొచ్చి, గొలుసులకు తగిలి గలగలమంటూ అందులో పడుతుంది. అదే డిస్క్‌ గోల్ఫ్‌! బంతికి బదులు డిస్కు, గుంతకు బదులు బుట్ట. పడ్డచోటు నుంచే మళ్లీ విసరాలి. తక్కువ విసుర్లలో అన్ని బుట్టలూ ముగించినవారే విజేత.

కాలిఫోర్నియాలోని ఓక్‌ గ్రోవ్‌ పార్కులో 1975లో ఈ ఆటకు మైదానం ఏర్పాటుచేసిన ఎడ్‌ హెడ్రిక్‌కు డిస్కులంటే ఎంత పిచ్చంటే... 2002లో ఆయన కన్నుమూశాక చితాభస్మం కలిపి డిస్కులు తయారుచేశారు. అదీ ఆయన కోరికే!

ఆటగాడి సంచిలో ఒక్క డిస్కే ఉండదు. దూరం వెళ్లడానికి పదునైన అంచున్న డ్రైవర్‌, బుట్ట దగ్గర మొద్దు అంచు పట్టర్‌. ఆ రెండింటికీ నడిమిది మిడ్‌రేంజ్‌. వెడల్పు 21-22 సెంటీమీటర్లు, చాలావాటి బరువు 170-180 గ్రాములు. చెట్ల మధ్య సన్నటి దారి ఉన్నప్పుడు చెయ్యి వెతుక్కునేది దీన్నే. అందుకే కొత్తది కొన్నరోజు గుండె దడ.

కుడిచేతివాటం ఆటగాడు చేతిని ఛాతీకి అడ్డంగా తెచ్చి విసిరితే డిస్కు గడియారం ముల్లులా తిరుగుతూ వెళ్తుంది. వేగం తగ్గాక ఎడమకు వాలుతుంది. ఎంత వాలుతుందన్నదే అసలు సంగతి. 'రాక్‌' అనే డిస్కుకు ఆ గుణం కింద కంపెనీ ఇచ్చిన అంకె 3, 'బజ్‌'కు 1. కానీ అంకెల్ని నమ్మి సంచిలో వేసుకుంటే కష్టమే. ఒకే అచ్చులో పోసినా ప్లాస్టిక్‌ రకం మారితే నడక మారుతుంది.

పాతబడితే మరీనూ. క్రికెట్లో కొత్తబంతి ఒకలా, పాతబంతి ఒకలా తిరగదూ... ఇదీ అంతే. చెట్లకు కొట్టుకుని అంచు అరిగేకొద్దీ ఎడమకు వాలడం తగ్గి, కుడికి జరగడం మొదలవుతుంది. ఏళ్లతరబడి అలా అరిగి చేతికి అలవాటైన డిస్కు ఏ చెరువులోనో పడిపోతే? దుకాణంలో అదే పేరు, అదే రంగు, అదే బరువు దొరుకుతాయి. ఆ అరుగుదల మాత్రం దొరకదు.

అందుకే పాతది చేతిలో ఉండగానే కొత్తదాన్ని పరీక్షించాలి. ఎద్దును కొనే రైతు నాలుగు చాళ్లు దున్నించి చూసినట్టన్నమాట. దీనికి గొలుసుల బుట్ట అక్కర్లేదు. వరికోతలయ్యాక మోస్రాలో కనిపించేలాంటి ఖాళీ మడి చాలు. ఒకే గురి పెట్టుకుని పాతదీ కొత్తదీ మార్చిమార్చి పదేసిసార్లు విసరాలి. ముందు గాలి లేనప్పుడు, తర్వాత ఎదురుగాలిలో. ఎదురుగాలికి డిస్కు కుడికి మళ్లుతుంది కాబట్టి దాని గుట్టు అక్కడే బయటపడుతుంది. ఒక్కటి బ్రహ్మాండంగా వెళ్లిందని మురిసిపోకూడదు, పదీ ఎక్కడెక్కడ పడ్డాయో చూడాలి. పదీ దగ్గరదగ్గరగా పడితే ఎడమకు వాలినా ఫర్వాలేదు, అంతమేర కుడివైపు గురిపెడితే సరి. తలోదిక్కూ పడితేనే చిక్కు. అప్పుడైనా తప్పు డిస్కుదే అనుకోవడానికి లేదు. పాతదీ అలాగే చెదిరిందేమో చూసుకోవాలి మరి!

పోయిన డిస్కు దొరికినవాళ్లు ఫోన్‌ చేస్తారని ఆటగాళ్లు అడుగున పేరూ నంబరూ రాసుకుంటారు. సిరా పడితే మళ్లీ అమ్మినప్పుడు ధర తగ్గుతుంది. కాబట్టి కొందరు పరీక్ష అయ్యేదాకా పెన్ను ముట్టుకోరు. పేరు రాశారంటే ఆ డిస్కుకు సంచిలో చోటు ఖాయమైనట్టే.